బిడ్డ పక్కన చాట

“ఇది నడుస్తుండంగ కరెంటు పోతే నా బిడ్డ గతేంది సారూ?”

నేను అడిగిన మొదటి మాట అదే. అప్పటికి మిషన్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. దాన్ని నిజామాబాద్ నుంచి బండి మీద కట్టుకొచ్చిన శివకుమార్ పెట్టె మీది టేపు కూడా తీయలేదు. ఊపిరి అందని వాళ్ళ ఇళ్ళలో ఇట్లాంటి మిషన్లు కిరాయికి బిగించి వెళ్ళడం అతని పని. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. కరెంటు పోతే ఏం చెయ్యాలో చెప్తాను గాని ముందు ప్లగ్గు ఎక్కడుందో చూపించమన్నాడు.

నేను ఊరుకోలేదు. పైపును ఎలుక కొరికితే ఎట్లా, నిద్రలో పక్కకు తిరిగితే పైపు మెడకు చుట్టుకోదా, మూతికీ ముక్కుకూ కలిపి మాస్క్ బిగిస్తే వాంతి వచ్చినప్పుడు ఎవరు విప్పుతారు, అని ఒకదాని వెనక ఒకటి అడిగాను. మంచం మీద కూర్చున్న నా బిడ్డ రోజా నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు మొదలైతే ఆ గదిలో అందరమూ మాటలు ఆపేసి అది అయ్యే దాకా చూస్తూ నిలబడతాం. ఆ రోజూ అట్లాగే నిలబడ్డాం. శివకుమార్ కూడా అప్పుడే పెట్టెలోంచి తీసిన పైపు పట్టుకుని నిలబడ్డాడు.

రోజాకు ముప్పై మూడేళ్ళు. ఇరవయ్యో ఏట టీబీ వచ్చింది. మందులు వాడితే పోయింది గాని, పోతూ పోతూ రెండు ఊపిరితిత్తులనూ చెదలు తిన్న చెక్కలాగా చేసి పోయింది. అప్పటి నుంచి ప్రతి చలికాలమూ ఒక గండమే. ఈసారి దీపావళి దాటగానే పది రోజులు దవాఖానలో ఉండాల్సి వచ్చింది. నిజామాబాద్‌లో చూసే డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. గాలి లోపలికి పోవడం ఒక్కటే కాదు, లోపలి చెడు గాలి బయటికి రావాలి, మీ అమ్మాయికి ఆ బలం లేదు. ఈ మిషన్ ఆ పని చేసి పెడుతుంది. గొంతులోకి గొట్టం వెయ్యకుండా, కోత లేకుండా, మాస్క్‌తోనే. రాత్రంతా పెట్టుకోవాలి, మధ్యాహ్నం కూడా మూడు నాలుగు గంటలు. ఇది సరిగా పెట్టుకుంటే గొట్టం దాకా పోదు అంది. ఆ గొట్టం మాట నా చెవిలో అట్లాగే ఉండిపోయింది.

శివకుమార్ మిషన్‌ను మంచం పక్కన పీట మీద పెట్టాడు. వైరు అంతకంటే దూరం అందలేదు. మాస్క్ పట్టీలు తలకు బిగించి బటన్ నొక్కితే బుస్సుమని గాలి వచ్చింది. రోజా కళ్ళు పెద్దవయ్యాయి. రెండు చేతులతో మాస్క్ పట్టుకుని పీకబోయింది. దానితో కొట్లాడొద్దు, అది తోసినప్పుడు తీసుకో, అది ఆగినప్పుడు వదులు, అని అతను పక్కన కూర్చుని చాలాసేపు చెప్పాడు. కాసేపటికి రోజా భుజాలు దిగాయి. ఎన్నో నెలల తర్వాత నా బిడ్డ మెడ నరాలు బిగుసుకోకుండా ఊపిరి తీసుకోవడం ఆ రోజే చూశాను.

వెళ్ళేముందు శివకుమార్ మిషన్ వెనక చిన్న మూత చూపించి, వారానికోసారి అది తీసి లోపల గాలిని వడగట్టే ముక్కను శుభ్రం చెయ్యమన్నాడు. నేను సరేనన్నాను. మనసులో మాత్రం ఆ మూత జోలికి ఎవరినీ పోనివ్వకూడదనుకున్నాను. ఏదో చిన్న కొక్కెం విరిగి, మిషన్ ఆగి, అది రాత్రిపూట అయితే? పైన మాత్రం రోజూ తడిగుడ్డతో తుడిచేదాన్ని. మంచిరోజు చూసి పసుపు రాసి, బొట్టు కూడా పెట్టాను.

మాది బోధన్. శక్కర్‌నగర్ వెనక వరసలో ఒక గది, ఒక వంటిల్లు. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ మా ఆయన ఆత్మారాం చెరుకు యార్డులో పనిచేశాడు. అది మూతపడ్డాక వర్ని రోడ్డు మీద ఒక బెల్లం బట్టీ దగ్గర కావలి పని దొరికింది. చెరుకు నరికే రోజుల్లో రాత్రులు అక్కడే ఉండి, తెల్లవారి వస్తాడు. ఆయన మాట తక్కువ మనిషి. ఇంట్లో మాట్లాడే పనీ, భయపడే పనీ రెండూ నావే.

నేను బీడీలు చేస్తాను. ఏడో తరగతి చదువుతుండగా చాట ఒళ్ళోకి వచ్చింది, ఇప్పటికీ దిగలేదు. ఇదివరకు పక్కింటి రాధాబాయి అరుగు మీద నలుగురం ఆడవాళ్ళం కూర్చుని చేసేవాళ్ళం. మిషన్ వచ్చాక నేను ఆ అరుగు మానేశాను. రోజా మంచానికీ మిషన్‌కూ మధ్యన చాప వేసుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని అక్కడే పని చేసుకునేదాన్ని. మాస్క్ ఉంటే పిలవడానికి నోరు ఉండదు కదా. దాని కడుపు ఎత్తు పల్లాలు చూస్తూ ఉండాలి. బీడీలకు తునికాకు కత్తిరించేటప్పుడు కూడా కళ్ళు అక్కడే. ఒక్కోసారి ఊపిరి ఆగినట్టు అనిపించి పాదం పట్టుకుని ఊపేదాన్ని. అది కళ్ళు తెరిచి, వేలు చూపించి బెదిరించేది.

రాధాబాయికి నా మీద ఎగతాళి. ఆమెది నాందేడ్ వైపు, మాటలో మరాఠీ కలుస్తుంది. ఒక రోజు గుమ్మంలో నిలబడి, “అగ బాయి, నువ్వు యముడి కన్న ముందే వచ్చి కూసున్నవ్ గదనే అంజవ్వా. గాయన వచ్చినా జాగా లేదని వాపస్ పోతడు” అంది.

రోజా మాస్క్ లోపల నవ్వితే ఆ ప్లాస్టిక్ మీద ఆవిరి పట్టింది. వాడకట్టు పిల్లలు కిటికీలోంచి చూసి పైపు తొండంలాగా ఉందని రోజాకు గణపతక్క అని పేరు పెట్టారు. అది కోపగించుకోలేదు. మాస్క్ తీసినప్పుడు, “నాకు కుడుములు పెట్టుండ్రి మరి” అని వాళ్ళతో అనేది.

మార్గశిరం వచ్చింది. చలి పెరిగింది. వరి కోసిన పొలాల్లో కొయ్యకాళ్ళు కాలబెడుతున్నారు. ఇంకో చోట చెరుకు నరికిన మడుల్లో ఎండుటాకు తగలబెడుతున్నారు. సాయంత్రం అయ్యేసరికి ఊరి మీద పొగ దుప్పటిలా పరుచుకునేది. నేను కిటికీ రెక్కలు వేసి, సందుల్లో గోనెసంచి ముక్కలు కుక్కాను. తలుపు కింది సందులో పాత చీర చుట్ట పెట్టాను. వంటింటి వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టాను. గాలిలో చలి ఉంది, గాలిలో పొగ ఉంది. బయటి గాలి ఒక్క పిడికెడు లోపలికి రాకపోతే నా బిడ్డ బతుకుతుందని నా లెక్క.

మా వరస వెనకాలే రాజేందర్ చెరుకు మడి ఉంది. నరకడం అయిపోయి ఆకు ఎండి పడి ఉంది. రేపో ఎల్లుండో అంటిస్తాడని తెలిసి నేను కొంగు నడుముకు చెక్కి వెళ్ళాను. ఆయన గట్టు మీద కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఫోన్ పెట్టేసే దాకా నిలబడి, నా బిడ్డ సంగతి చెప్పాను. మిషన్ సంగతి చెప్పాను. శివరాత్రి దాటే దాకా ఆగమన్నాను. ఆయన తలగోక్కున్నాడు. మడి దున్నాలి, కూలీలు దొరకట్లేదు, చెత్త ఏరించే ఓపిక తనకు లేదన్నాడు. నేను కదలలేదు. నువ్వు అంటిస్తే నేను ఆ మంటకు అడ్డంగా కూర్చుంటానన్నాను. ఆయనకు చిరాకు లేచింది.

“మా పొగ ఒక్కటే కనవడ్డదా నీకు? మీ వాడకట్టంత కూసోని బీడీలు చేస్తరు. అవ్వి తాగి ఎందరు దగ్గుతున్నరో గది ఎవ్వరికి చెప్పాలె?”

“చేస్తం పటేలా. చేస్తం గని తాగం. మా ఇంట్ల ఒక్కడు గూడ ముట్టడు,” అన్నాను.

ఆ మాట అనేటప్పుడు నా తల ఎత్తుకునే ఉంది. చివరికి ఆయన వారం ఆగి, గాలి అటువైపు తిరిగిన రోజు చూసి అంటించాడు. మా వైపు పొగ రాలేదు. ఆ రోజు నేను గెలిచినట్టే ఇంటికి వచ్చి, చాప మీద కూర్చుని, బీడీల్లో నింపడానికి కొత్తగా తెచ్చిన తంబాకు మూట విప్పి చాటలో పోసుకున్నాను. చెరుగుతుంటే సన్నటి పొడి లేచి, మూసిన గదిలో బల్బు వెలుగు చుట్టూ తిరిగింది. ఎప్పుడూ తిరిగేదే. పుట్టినప్పటి నుంచి అందులోనే ఉన్నాం గనుక అది మాకు దుమ్ము కాదు, వాసనా కాదు. ఇంట్లో గోడలు ఉన్నట్టు అదీ ఉంటుంది.

పుష్యమాసంలో రోజా పొద్దున లేవగానే నుదురు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. తలకాయ పగిలిపోతోందనేది. చాయ్ గ్లాసు ఇస్తే చెయ్యి వణికి చీర మీద ఒలకబోసుకుంది. నీరసం అనుకున్నాను. మిషన్ ముందరి లాగా తొయ్యట్లేదే అవ్వా, అని ఒకసారి అంది. నేను చెవి పెట్టి విన్నాను. శబ్దం వస్తూనే ఉంది. ఆ శబ్దం ఉంటే అంతా బాగున్నట్టే కదా అనుకున్నాను. శివకుమార్‌కు ఫోన్ చేస్తే అతను వచ్చి మిషన్ తీసుకుపోతాడేమో, బాగుచేసి తెచ్చే దాకా బిడ్డ ఏమైపోతుందో అని ఫోన్ చెయ్యలేదు.

తర్వాత దానికి నిద్ర పట్టింది.

అంతకు ముందు నా బిడ్డ నిద్ర అంటే కునుకు, దగ్గు, మళ్ళీ కునుకు. ఇప్పుడు మధ్యాహ్నం మాస్క్ పెడితే పొద్దుగూకే దాకా లేచేది కాదు. అన్నానికి లేపితే రెండు ముద్దలు తిని మళ్ళీ ఒరిగేది. దగ్గు కూడా తగ్గింది. రాధాబాయి వచ్చి చూసి, దిష్టి తీసినావా ఏమిటి, పిల్ల మంచిగా పండుకుంది అని నెమ్మదిగా వెళ్ళిపోయింది. నేను వాడకట్టు పిల్లలను కిటికీ దగ్గరికి రావద్దన్నాను. చాట చప్పుడుకు దాని నిద్ర ఎక్కడ చెడుతుందో అని తంబాకును చేత్తోనే మెల్లగా కలిపాను. ఆ నాలుగు రోజుల్లో ఎన్ని బీడీలు చేశానో! బీడీ కార్ఖానాలో లెక్క తీసుకునే టేకేదారు నా కట్టలు చూసి, ఏమిటి అంజవ్వా పడుచుదానివైనావా అన్నాడు. ఆ చలికాలం మొత్తంలో నాకు భయం లేని రోజులు అవే, ఆ నాలుగు రోజులే.

ఐదో రోజు పొద్దున మా ఆయన బట్టీ నుంచి వచ్చాడు. చేతిలో బాదం ఆకులో చుట్టిన బెల్లం ముద్ద, ఇంకా వెచ్చగా ఉంది. రోజాకు కొత్త బెల్లమంటే ఇష్టం. మంచం మీద కూర్చుని పిలిచాడు. అది పలకలేదు. మాస్క్ తీసి చెంప మీద తట్టాడు. కళ్ళు సగం తెరిచి ఆయన ముఖం చూసింది. ఎవరిని చూస్తున్నానన్నది దాని కళ్ళలో లేదు. ఏదో అంది. అవి మాటలు కావు.

నేను చాటలోంచి తల ఎత్తి, పండుకోనీయండి, ఇన్నాళ్ళకు నిద్ర పట్టింది అన్నాను.

“ఇది నిద్ర కాదే,” అన్నాడాయన.

బెల్లం ముద్ద చాప మీద పెట్టి, బయటికి పరిగెత్తి 108కు ఫోన్ చేశాడు. అరవై ఏళ్ళ మనిషి పరిగెత్తడం నేను అప్పుడే చూశాను.

108 బండి ఎడపల్లి దాటే దాకా నాకు ఏమీ తెలియలేదు. ఒళ్ళో మిషన్ పెట్టుకుని కూర్చున్నాను. ఎందుకు తెచ్చానో తెలియదు, దాన్ని ఇంట్లో వదిలితే రోజాను వదిలినట్టు అనిపించింది. నిజామాబాద్‌లో బిడ్డను స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయి పెద్ద మిషన్ పెట్టారు. రక్తం తీసి పరీక్ష చేశారు. డాక్టరమ్మ బయటికి వచ్చి, చెడు గాలి ఒంట్లో నిండిపోయి మెదడుకు మత్తు ఎక్కింది, నిద్ర కాదు అంది. సాయంత్రం దాకా ఈ మాస్క్‌తోనే చూద్దాం, అప్పటికీ తెలివి రాకపోతే గొట్టం తప్పదు అంది. ఇట్లాంటి ఊపిరితిత్తులకు గొట్టం వేస్తే మళ్ళీ తీయడం కష్టమని కూడా చెప్పింది. ఆమె దాచలేదు. దాచి ఉంటే బాగుండేదని అప్పుడు అనుకున్నాను.

తర్వాత కాగితం తీసి అడిగింది. ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా? లేదు, గ్యాస్. పక్కన ఎవరైనా చెత్త కాలుస్తున్నారా? ఆపించాను. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్?

“మా ఇంట్ల ఎవ్వలు తాగరమ్మా. ఈయన గుట్కా గూడ ముట్టడు,” అన్నాను.

ఆమె రాసుకుంది. మా ఆయన కూడా అవునన్నట్టు తల ఊపాడు. ఆయనకూ తట్టలేదు. మా ఇంట్లో వేలకు వేలు బీడీలు తయారవుతాయి గాని ఒక్కటి వెలగదు. అడిగింది వెలిగించడం గురించే కదా.

పొద్దుగూకే వేళకు నర్సు పిలిచింది. నేను వెళ్ళి మంచం పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని, నీకు వినబడుతుంటే వేలు నొక్కు బిడ్డా అన్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నొక్కింది. బలం లేదు, ఆకు చివర మడిచినంత ఒత్తిడి. గొట్టం ఆ రోజుకు తప్పింది.

రెండో రోజు మధ్యాహ్నం శివకుమార్ వచ్చాడు. ఇంటి మిషన్ కూడా చూపించమని డాక్టరమ్మ చెబితే మా ఆయన ఫోన్ చేశాడట. వార్డు బయట బెంచీ మీద నేను కూర్చుని ఉన్నాను, ఒళ్ళోనే మిషన్. అతను నా పక్కన కూర్చుని దాన్ని తీసుకుని వెనక్కి తిప్పాడు. నేను అన్నాళ్ళూ విరుగుతుందని భయపడ్డ మూత అతని గోరు తగలగానే ఊడి వచ్చింది. లోపలి నుంచి చిన్న ముక్క తీశాడు. తెల్లగా ఉండాల్సిందట. బీడీ రంగులో ఉంది. ఇది మూసుకుపోతే మిషన్ బలంగా తొయ్యదంటూ పేపర్ పరిచి దాని మీద తట్టాడు. పొడి రాలింది.

ఆ పొడి ఏమిటో తెలుసుకోవడానికి నాకు వాసన చూసే పని లేదు. నా గోళ్ళ సందుల్లో నలభై ఏళ్ళుగా ఉన్నదే.

అతను మాత్రం వాసన చూశాడు. “ఇంట్ల ఎవరన్న…” అని మొదలుపెట్టాడు.

“తాగరు సారూ.”

“తాగుడు అడుగుతలేనవ్వా. మిషన్ ఎక్కడ పెట్టుకున్నరు?”

“మంచం పక్కన. మీరు పెట్టిన జాగలనే. నా పక్కన.”

“నువ్వు ఆడ కూసోని ఏం చేస్తవ్?”

నేను చెప్పాను. అతను విని పేపర్‌ను నాలుగు మడతలు పెట్టాడు. అటూ ఇటూ చూసి, చెత్తబుట్ట దూరంగా ఉంటే జేబులోనే పెట్టుకున్నాడు.

“ఇది కొత్త గాలి యాడికెళ్ళో తేదవ్వా. గదిల ఏ గాలి ఉంటే గదే గుంజి లోపట పోస్తది,” అన్నాడు. మధ్యలో ఒకసారి తాను వచ్చి చూసి ఉండాల్సిందన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని.

డాక్టరమ్మకు నేను చెప్పలేదు. మా ఆయన చెప్పాడు. ఆమె వార్డులోంచి వచ్చి నా రెండు చేతులూ తిప్పి చూసింది. ఇక నుంచి ఆ గదిలో తంబాకు ఉండకూడదు, ఆ పని చేసిన బట్టలతో, ఆ జుట్టుతో అమ్మాయి దగ్గరికి పోకూడదంది. కిటికీలు తెరవమంది. ఊపిరితిత్తులు ఇదివరకటి కంటే దెబ్బతిన్నాయి, ఇక మిషన్ పగలు కూడా చాలాసేపు ఉండాలి, ఇంకోసారి ఇట్లా అయితే తన చేతిలో ఏమీ ఉండదని చెప్పింది. నేను అన్నింటికీ తల ఊపాను.

పదకొండు రోజులకు ఇంటికి వచ్చాం. అంతకు ముందు రోజే నేను వచ్చి గది కడిగాను. గోడలు కడిగాను. మూడు బకెట్ల నీళ్ళు టీ డికాక్షన్ రంగులో పోయాయి, నాలుగోదీ తేటగా రాలేదు. గోనెసంచి ముక్కలు పీకేశాను. చాట, కత్తెర, తంబాకు మూట రాధాబాయి అరుగు మీదికి చేరాయి. పని మానలేను. మానితే మిషన్ కిరాయి ఎట్లా? పొద్దంతా అక్కడ కూర్చుని, దాని దగ్గరికి పోవాలంటే వాకిట్లో నీళ్ళు పోసుకుని, చీర మార్చి, తల తుడుచుకుని పోవాలి. మాఘమాసం చలిలో రోజుకు మూడు స్నానాలు. దగ్గు వినబడితే పరిగెత్తడానికి లేదు. ముందు చెంబు, తర్వాత చీర, తర్వాత బిడ్డ. ఒకసారి తొందరలో తడి ఒంటికే చీర చుట్టుకుని పోయేసరికి దాని దగ్గు అయిపోయింది. కళ్ళల్లో నీళ్ళతో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

దానికి పాలు కలిపి ఇవ్వడం, మాస్క్ పట్టీ సరిచెయ్యడం అన్నీ రాధాబాయి కోడలు చూసేది. ఆ పిల్ల బీడీలు చెయ్యదు. రోజా ఆమెతో టీవీ సీరియల్ ముచ్చట్లు చెప్పేది. మా ఆయనతో ఒకటి రెండు మాటలు మాట్లాడేది. నాతో మాట్లాడలేదు. ఆకలా అంటే తల ఊపేది, వద్దంటే చెయ్యి ఊపేది.

ఇంటికి వచ్చిన మూడో రోజే నేను అడిగాను. స్నానం చేసి, తలుపు దగ్గరే నిలబడి అడిగాను. “ఇన్ని దినాలు నీ మూతి మీదికే కొట్టింది గద బిడ్డా. నీకు వాసన రాలేదా?”

అది నా ముఖం చూసింది. తర్వాత మాస్క్ తీసుకుని తనే పెట్టుకుని, బటన్ నొక్కి, గోడవైపు తిరిగింది.

నాకు సమాధానం దొరికిందనుకున్నాను. చంపబోయిన తల్లితో ఏం మాట్లాడుతుంది? మా ఆయనతో అంటే, ఊపిరి లేక మాట్లాడట్లేదు, ఊకోమన్నాడు. రాధాబాయితో అంటే ఆమె ఆ రోజు ఎగతాళి చెయ్యలేదు. తన ఒళ్ళోని చాట వైపు చూసుకుని, తన మనవడు రాత్రిళ్ళు పిల్లికూతలు కూస్తున్నాడని, రేపటి నుంచి వాడిని అరుగు మీద పండబెట్టనని మెల్లగా చెప్పింది.

అట్లా ఇరవై రోజులకు పైన గడిచాయి. నేను అరుగు మీద, అది గదిలో. నడుమ పది అడుగులు. మిషన్ చప్పుడు వింటూ ఆకు మడిచేదాన్ని. చప్పుడు ఉంటే బాగున్నట్టు కాదని ఇప్పుడు తెలుసు గనుక, చప్పుడు ఉన్నా భయమే, లేకున్నా భయమే.

శివరాత్రికి కార్ఖానా బంద్. ముందు రోజే కట్టలు అప్పజెప్పి వచ్చాను. ఇంట్లో ఆకు లేదు, తంబాకు లేదు. పొద్దున్నే తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుని ఉపవాసం ఉన్నాను. మా ఆయన గుడికి పోయాడు. రోజా మాస్క్ పెట్టుకుని దిండుకు ఆనుకుని ఉంది. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. నేను వెళ్ళి దాని పక్కన మంచం మీద కూర్చున్నాను. కూర్చున్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. అది పుట్టినప్పటి నుంచి చేతిలో ఏ పనీ లేకుండా దాని పక్కన నేను ఎప్పుడూ కూర్చోలేదు. కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను. కాసేపు దుప్పటి మడత సరిచేశాను. చివరికి దాని పాదం మీద చెయ్యి వేశాను. అది పాదం లాక్కోలేదు.

ఇంక అడగకూడదని చాలాసార్లు అనుకున్నదే. అయినా అడిగాను.

“నన్ను తిట్టు, మంచిదే. గని గొక్కటి చెప్పు రోజా. వాసన రాలేదా నీకు?”

మిషన్ తోసింది, ఆగింది, తోసింది. దాని కడుపు లేచింది, దిగింది. ఎండ దుప్పటి అంచు దాకా జరిగింది. రాధాబాయి ఇంట్లో ఎవరో పొయ్యి మీద పాలు దించారు. చెప్పదనుకుని నేను లేవబోయాను.

రోజా చెయ్యి ఎత్తి మాస్క్ ముక్కు మీది నుంచి కిందికి జరిపింది. గాలి బుస్సుమని బయటికి కొట్టి, దాని నుదుటి మీది వెంట్రుకలు ఎగిరాయి. ముక్కు మీద పట్టీ ఒరిసిన చోట చర్మం ఎర్రగా ఉంది. ఒక ఊపిరి తీసుకుంది. ఇంకోటి తీసుకుంది.

“వచ్చింది,” అంది. “మాస్క్ పెట్టిన మొదటి దినమే వచ్చింది.”

మళ్ళీ ఊపిరి కోసం ఆగింది. 

“చెప్తే నువ్వు చాట పట్టుకోని బయటికి పోతవ్ అవ్వా. ఒక్కదాన్ని ఉండుడు నాకు భయం.”